డెమో క్లాసులో కళ్ళు మూసుకున్నాక

పని కోసం తిరిగిన ప్రతిచోటా నన్ను రెండే అడిగారు. ఎక్స్‌పీరియెన్స్ ఉందా, చిన్నపిల్లలు ఉన్నారా. మొదటిదానికి లేదనీ, రెండోదానికి ఉందనీ నిజం చెప్పి విసిగిపోయాను. భద్రాచలం దారిలో ఉన్న ఆ ప్రైవేటు స్కూలుకు వెళ్ళినప్పుడు మాత్రం రెండింటికీ లేదనే చెప్పాను.

బీఎస్సీ అయిన వెంటనే పెళ్ళి, ఆ తర్వాత పాప. మా ఆయన ఇసుక ట్రాక్టరు నడుపుతాడు. గోదావరి నిండితే ఆ పని ఉండదు. అప్పటికే నిండుతోంది. నాకు ఏదో ఒకటి దొరక్కపోతే ఆ వానాకాలం ఇల్లు ఎలా గడుస్తుందో ఇద్దరికీ తెలియదు. తెలియదన్న మాట పైకి అనుకోలేదు, అంతే.

డెమో క్లాసు చెప్పమన్నారు. అయిదో తరగతి, సైన్సు, ధ్వని పాఠం. పాప సీసా పాలు ముట్టదు కాబట్టి అత్తమ్మ కూడా పాపనెత్తుకుని నాతో బస్సెక్కింది. స్కూలు ఎదుట బస్సు షెల్టరులో ఇద్దరినీ కూర్చోబెట్టి, ఏడిస్తే అటు పక్క సందులోకి తీసుకుపొమ్మని చెప్పాను. నా మనవరాలేమన్న దొంగసొత్తా అని అత్తమ్మ గొణిగింది.

క్లాసులో చివరి బెంచీలో కరస్పాండెంట్ సార్ కూర్చున్నారు. బోర్డు మీద పాఠం పేరు రాసి పిల్లల వైపు తిరిగేసరికి, రాత్రంతా బట్టీ పట్టినదాంట్లో ఒక్క ముక్కా గుర్తులేదు. నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"అందరూ చేతులు జోడించి కళ్ళు మూసుకోండి."

ఇంటర్ చదివేటప్పటి నుంచి మా చర్చిలో సండే స్కూలు పిల్లలకు నేనే చెబుతాను. ప్రతి ఆదివారం అలాగే మొదలవుతుంది. ఇక్కడి పిల్లలు కూడా టక్కున కళ్ళు మూసుకున్నారు. వెనకాల కుంకుమ బొట్టు పెట్టుకున్న సారు కూడా చేతులు జోడించారు. ఇప్పుడు ప్రార్థన చెయ్యలేను, కళ్ళు తెరవమనీ అనలేను. ఏ దేవుడి పేరెత్తినా తప్పే అనిపించింది. చెమటతో నా చేతిలో సుద్దముక్క మెత్తబడింది.

"ఇప్పుడు... ఏమేం చప్పుళ్ళు వినబడుతున్నాయో చెప్పండి" అన్నాను.

బస్సు హారన్ అన్నారు. రేకుల మీద వాన అన్నారు. పక్క క్లాసులో ఎక్కాలు అన్నారు. కిటికీ దగ్గరి పిల్ల కళ్ళు గట్టిగా మూసుకునే చెప్పింది.

"చిన్నపాప ఏడుస్తంది టీచర్. మస్తు ఏడుస్తంది."

నాకూ వినబడుతోంది. పాలు చేపుకొచ్చి నా జాకెట్టు తడిసిపోతోంది. చీర కొంగు భుజం నిండా కప్పుకుని, దూరంగా ఉన్న ఏడుపు మనదాకా ఎలా వస్తుందో అక్కడి నుంచే పాఠం ఎత్తుకున్నాను. ఎలా ముగించానో తెలియదు.

బయటికి వచ్చాక కరస్పాండెంట్ సార్ గిట్ల చెప్పుడు ఏడ నేర్చినవమ్మా అని అడిగారు. సండే స్కూలు సంగతి చెప్పాను.

"మరి ఎక్స్‌పీరియెన్స్ లేదంటివి?"

"జీతం లేదు కద సార్. అది పని కిందికి రాదనుకున్న."

"నేనిచ్చే జీతం జూస్తే ఇది గూడ పని కిందికి రాదంటవ్." ఆయన నవ్వి, షెల్టరు వైపు చూశారు. "ఆ పాప నీ బిడ్డేనా?"

"అవ్ సార్."

"సోమవారం రా. వారం రోజులు చూస్త. బిడ్డను మాత్రం గేటు కాడికి గూడ తేవద్దు. మా పిల్లల చెవులన్నీ అటే పోతయ్."

పని దొరికిందో లేదో తెలియని మాట అది. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి సీసాతోనే మా కుస్తీ. పాప నాలుకతో నెట్టేస్తుంది, పాలు మెడ మీదుగా కారిపోతాయి. ఆదివారం చర్చి నుంచి రాగానే అత్తమ్మ పాపను నా ఒళ్ళోంచి తీసుకుంది.

"నీ సప్పుడు ఇన్నంతసేపు ఇది సీసా ముట్టది. బయటికి పో. దగ్గకు, గాజులు గూడ కదపకు."

వెళ్ళి ఇంటి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. గాజులు చేత్తో బిగించి పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. లోపల పాప ఏడుస్తోంది. చాలాసేపటికి ఏడుపు ఆగింది. తాగుతోందో, ఏడ్చి ఏడ్చి నిద్రపోయిందో గోడ ఇవతలికి తెలియడం లేదు. అత్తమ్మ పిలిచేదాకా కదలకూడదు.