మూడు నీళ్లలో కడిగిన స్పాంజి

మునిరత్నం ఒకచోట కుదురుగా కూర్చోగా మా డిపార్ట్‌మెంటులో ఎవరూ చూడలేదు. తిరుపతిలో మా ప్రయోగశాలకు ఆయన అటెండరు. పక్కగదిలో స్టోరు చూసేది నేను. ముప్పైరెండేళ్లుగా ఆయన ఇక్కడ సీసాలు కడుగుతున్నాడు. కడిగినదాన్ని వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి చూసి, నచ్చకపోతే మళ్లీ కడుగుతాడు. నచ్చినా ఒక్కోసారి మళ్లీ కడుగుతాడు. పుట్టింది నగరిలో, నేతపని చేసే ఇంట్లో. పొద్దస్తమానం మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చోలేకే ఊరు వదిలి వచ్చానని ఆయనే చెప్పుకుంటాడు.

ఇంట్లో ఆదివారం చేపలు కడిగేది కూడా ఆయనే. భార్య చంద్రకాంతమ్మను తొట్టి దగ్గరికి రానివ్వడు. కల్లుప్పూ పసుపూ వేసి రుద్ది, మూడు నీళ్లు మార్చి, ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుని నీచు పోయిందని తేల్చాకే పొయ్యి మీదికి వదులుతాడు. ఈ విద్యే ఆయన ప్రాణం మీదికి తెచ్చింది.

లోహిత అని పలమనేరు అమ్మాయి మా దగ్గర పరిశోధన చేస్తోంది. సముద్రపు స్పాంజిల్లో వాపు తగ్గించే పదార్థాలు ఏమైనా ఉన్నాయా అన్నది ఆమె వెతుకులాట. స్పాంజి అంటే గిన్నెలు తోముకునేది కాదు. సముద్రం అడుగున రాయిని పట్టుకుని బతికే ప్రాణి. పారిపోలేదు, కరవలేదు. అందుకని తనను తినవచ్చేవాటిని తరిమే మందులు ఒంట్లోనే తయారు చేసుకుంటుందట. అందులో ఏదైనా మన కీళ్ల వాపులకు పనికొస్తుందేమోనని ఆశ. మండపం అనే ఊరి సముద్రతీరంలో వలల్లో పడితే జాలర్లు అవతల పారేసే స్పాంజిల్ని, ఆమె ఐసు పెట్టెలో చెన్నై మీదుగా రైల్లో తెప్పించుకుంది. మూత తీసేసరికి మేడ మేడంతా ముక్కు మూసుకుంది. ఇంట్లో గుడ్డు కూడా ఉడకని పిల్ల, పాపం, కిటికీ దగ్గరికి పరిగెత్తింది.

"నువ్వు పో తల్లీ, కాఫీ తాగి రా. నేను కడిగి పెడతా," అన్నాడు మునిరత్నం.

"ఇసుకంతా పోయేట్టు శుభ్రంగా కడుగన్నా," అని చెప్పి ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెళ్లింది.

ఆయనకు తెలిసిన శుభ్రం ఒక్కటే. క్యాంటీన్ నుంచి గుప్పెడు కల్లుప్పు తెచ్చాడు. సొరుగులో ఆయుధపూజ నాటి పసుపు పొట్లం ఉండనే ఉంది.

ఆ ముక్కల్ని ఆల్కహాలులో నానబెట్టి లోహిత సారం తీసింది. బంగారం కరిగించినట్టు పచ్చగా దిగింది. ఆమె గైడు గిరిప్రసాద్ సార్ సీసాను అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ జాతిలో ఇట్లాంటి రంగు ఉన్నట్టు నేనెక్కడా చదవలేదే!" అన్నారు. నిజమే, ఎవరూ రాసి ఉండరు.

తర్వాత ఎలుకల మీద పరీక్ష. పాదంలో వాపు పుట్టించి, సారం తాగించి, గంటగంటకూ వాపు కొలవాలి. సగానికి పైగా తగ్గింది. మళ్లీ చేసినా అంతే. రెండేళ్లుగా ప్రతి ప్రయోగమూ వెక్కిరించి పోయిన పిల్లకు ఆ రోజు నవ్వు ఆగలేదు. "శుక్రవారం సాయంత్రం జర్నలుకు పంపించేస్తాం," అన్నారు సార్. మునిరత్నం టీ బంకు దగ్గర నిలబడి, వచ్చేవాడికీ పోయేవాడికీ చెప్పాడు: "మా పాప మందు కనుక్కొన్నాది. కడిగింది మట్టుకు నేనే!"

ఆ వారమే, మంగళవారం, మెట్ల మీద ఆయన కాలు మడతపడింది. చీలమండ బొప్పాయిలా ఉబ్బింది. చంద్రకాంతమ్మ పసుపూ ఉప్పూ ఉడికించి పట్టు వేసి గుడ్డ చుట్టింది. గురువారం పొద్దున విప్పి చూస్తే వాపు చాలావరకు తగ్గిపోయింది.

"సూడు, ఎట్ల దిగిపోయినాదో!" అన్నాడు మునిరత్నం.

"దిగదా మల్ల? మీ కాలేజీలో ఎలకలకు సముద్రం నించి తెచ్చి తాపుతారంట. ఇంత పసుపు తాపినా సరిపోతాది గదయ్యా. ఇది తెలీడానికి అంత సదువు కావాల్నా?"

మునిరత్నం చేతిలోని గుడ్డ వంక చూశాడు. దాని రంగు చూశాడు. కాఫీ కూడా తాగకుండా లేచి చెప్పులు వేసుకున్నాడు, ఎడమది కుడికాలికి.

వచ్చీ రాగానే నా స్టోర్లో దూరి తలుపు దగ్గరికి వేశాడు.

"అప్పా, నేను ఆ పాప కొంప ముంచేసినా."

సంగతంతా చెప్పాడు. అప్పుడు నేనిచ్చిన సలహా రాయడానికి ఇప్పటికీ సిగ్గే. "నాలుగు నెలల్లో రిటైరయ్యేవాడివి. నీకెందుకప్పా? నోరు మూసుకొనుండు. సముద్రంలో ఏముండాదో, నీ పొట్లంలో ఏముండాదో ఎవురు సూసొచ్చినారు?"

"రేపు ఇంకెవురో ఇంకో ఊర్లో చేసి సూస్తారు గదప్పా. వాళ్లు పసుపు ఎయ్యరు. వాపు దిగదు. అప్పుడు మా పాపను దొంగ అంటారు."

ఆయన కుంటుకుంటూ లేచి వెళ్లాడు.

ఆ రోజు మూడుసార్లు లోహిత గదిలోకి వెళ్లాడు. మొదటిసారి గది ఊడ్చి వచ్చాడు. రెండోసారి ఊడ్చిన గదినే ఊడ్చి వచ్చాడు. మూడోసారి ఆమే అడిగింది: "ఏందన్నా, ఏమన్నా చెప్పాల్నా?"

"ఏం లేదమ్మా, చెత్తబుట్ట నిండిందేమోనని."

బుట్ట ఖాళీగా ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆ వరండా అంతా ఆయన కుంటి అడుగుల చప్పుడే. నేనే ఉండబట్టలేక, "కాసేపు కూర్చో అప్పా," అంటే, "ముల్లు మీద కూర్చోబెడతావా?" అన్నాడు. మూడున్నరకు ఏమనుకున్నాడో, ఒక గాజు గొట్టం తీసుకుని, అందులో చిటికెడు పసుపు వేసి, ఆల్కహాలు పోసి కుదిపాడు. అది పట్టుకుని లోహిత బల్ల దగ్గరికి వెళ్లి, ఆమె బంగారు సీసా పక్కన నిలబెట్టాడు.

రెండూ ఒకటే రంగు.

"ఏందన్నా ఇది?"

"పసుపమ్మా."

"ఎందుకు తెచ్చినావు?"

"సేపలు కడిగినట్టు కడిగేసినా తల్లీ. నీచు వాసనకు నువ్వు తట్టుకోలేవని."

లోహిత, సారంలో ఏమేం కలిసి ఉన్నాయో విడదీసి చూపే పరీక్ష పలక ఒకటి తీసింది. దాని మీద రెండింటినీ పక్కపక్కనే చుక్కలు పెట్టి, అంచు తడిసేలా ద్రావకంలో నిలబెట్టింది. పసుపు చుక్క పైకి పాకి మూడు పచ్చ మచ్చలుగా విడిపోయింది. సీసాలోదీ అవే మూడు మచ్చలు, అదే ఎత్తున. ఆ మచ్చల్ని ఆమె నెలరోజులుగా చూస్తూనే ఉంది. పక్కన పసుపు పెట్టి పోల్చాలని ఎవరికి తోస్తుంది? సీసాలోదానికి మాత్రం అడుగున మసకగా ఇంకో మచ్చ ఉంది, గోధుమరంగుది. దాన్ని వేలితో చూపించి ఏదో అనబోయి, స్టూలు మీద కూలబడింది.

గిరిప్రసాద్ సార్ గదికి ముగ్గురం వెళ్లాం. నన్నెవరూ పిలవలేదు, నేనే వెళ్లాను. సార్ అంతా విని, పంపడానికి సిద్ధంగా పెట్టుకున్న పత్రాన్ని మూసేశారు. చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"పసుపొక్కటేనా మునిరత్నం?"

"కల్లుప్పు కూడా సార్."

"చింతపండు?"

"లే సార్, అది కూరలోకి గదా."

సార్ అవతలికి తిరిగి దగ్గారు. లోహిత మాత్రం నవ్వలేదు. "మళ్లీ సీజను వచ్చి తెప్పించాలంటే ఇంకో ఏడాది," అంది. "ఒక్క ముక్కన్నా మిగల్లేదాన్నా?"

అప్పుడు చూడాలి మునిరత్నం మొహం. పసుపు సంగతి చెప్పినప్పుడు కూడా అంత తెల్లబోలేదు.

"ఇంకొక తప్పు ఉండాది సార్. ఒక పొట్లం కడగలే. పాపకు అంతా అయిపోయినాదని చెప్పి, దాన్ని ఫ్రీజరు అడుగున దాసిపెట్టి మ్యాట్నీకి పోయినా. ఏమన్నా చేసుకోండి సార్." కళ్లు తుడుచుకున్నాడు.

లోహిత ఎగిరి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. ఆయన బెదిరిపోయి చేతులు వెనక్కి లాక్కోబోయాడు.

"సినిమా బాగుండిందా?" అన్నారు సార్.

"ఏమో సార్. సగంలో లేసి వచ్చేసినా."

ఆ పొట్లాన్ని లోహితే కడిగింది, వట్టి నీళ్లతో. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా రెండుసార్లు కిటికీ దగ్గరికి పరిగెత్తింది. మునిరత్నం చేతులు వెనక్కి కట్టుకుని పక్కనే నిలబడ్డాడు. వంగి వాసన చూసి, "నీచు పోలేదమ్మా," అన్నాడు దిగులుగా.

"పోకపోయినా పర్లేదన్నా. నువ్వు దూరంగా ఉండు!"

ఈసారి సారం మట్టిరంగులో దిగింది. పలక మీద ఆ గోధుమరంగు మచ్చ ఒంటరిగా, స్పష్టంగా నిలబడింది. ఎలుకల్లో వాపు సగం కాదు, పావు వంతు తగ్గింది. మూడుసార్లు చేసినా అదే పావు. సార్ మూతి విరిచారు గానీ, లోహిత ఆ లెక్క రాసిన కాగితాన్ని మడిచి పర్సులో పెట్టుకుంది. థీసిస్ వచ్చే ఏడాదికి పడింది.

ఆ సాయంత్రం టీ బంకు దగ్గర మునిరత్నం గ్లాసు ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంటూ నిలబడి ఉన్నాడు. పాత శ్రోత ఒకడు, "ఏమప్పా, మీ పాప మందు ఎంతదాకా వచ్చినాది?" అని అడిగాడు.

"కనుక్కొన్నాది, కొంచెమే," అన్నాడు మునిరత్నం. ఒక గుటక తాగి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "కడిగింది నేను కాదు."