ఒకే ప్లగ్గు ఉన్న ఇంట్లో చేపల కూర

వీధిలో అందరికీ ఆయన ఇస్త్రీ మావయ్య. ఎవరి చొక్కాకి ఎక్కడ చిరుగుందో, ఎవరి ప్యాంటు నడుము ఎన్నిసార్లు వదులు చేయించారో అన్నీ ఆయన కడుపులోనే ఉంటాయి. ఒక్కరి గుట్టూ బయటపెట్టడు. ఆ కడుపుకి ఉన్న బలహీనత ఒకటే. చేప ముక్క లేనిదే దానికి ముద్ద దిగదు.

ఉన్నది ఒక గది, దానికి ఒకటే ప్లగ్గు. రెండోది పెట్టించమంటే మేడమీదుండే ఓనరు, "ఒక్క గదికి రెండు ప్లగ్గులెందుకయ్యా, ఇదేమన్నా ఫ్యాక్టరీనా?" అనేవాడు. అద్దె పెంచేటప్పుడు మాత్రం అది ఫ్యాక్టరీయే. "ఇక్కడే వ్యాపారం చేసుకుంటున్నావుగా!"

భార్య ముచ్చటపడి ఫ్రిజ్ కొన్నప్పుడు, ప్లగ్గు దానికే వదిలేసి తను బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసుకుంటానని మావయ్య మాటిచ్చాడు. కానీ ఆ బరువుకి భుజం లాగేసేది. అందుకే ఆమె కుట్టుమిల్లుకి వెళ్లగానే ఫ్రిజ్ వైరు పీకి కరెంటు పెట్టె తగిలించేవాడు. ఆమె వచ్చేలోగా మళ్లీ మార్చేవాడు. తలుపు తీయకపోతే చల్లదనం ఎక్కడికి పోతుందని ఆయన ధీమా. పాలు విరిగితే పాలవాణ్ని తిట్టేవాడు.

ఓ రోజు పొద్దున కొన్న సముద్రపు చేప సాయంత్రానికి కూరైంది. ముందు మొగుడికి పెట్టాలన్న పనికిమాలిన ఆచారం జన్మకోసారి ఆడదానికి మేలు చేసింది. మొదటి ముక్కకే మావయ్య నాలుక మీద మిరియం నలిగినట్టు చురుక్కుమంది. అయినా వదల్లేదు. చెయ్యి కడుక్కున్న కాసేపటికి మొహం నిప్పుకణికలా ఎర్రబడింది. ఒళ్లంతా దద్దుర్లు, తలపోటు, గుండె దడదడ.

వీధి చివరి డాక్టరు తలెత్తకుండానే తేల్చేశాడు. "ఎలర్జీ. జన్మలో చేప ముట్టకు."

"జన్మలోనా? నెలకోసారైనా..."

"ప్రాణం కావాలా, చేప కావాలా?"

మావయ్య ఆలోచనలో పడ్డాడు. భార్య రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. ఇంట్లో మూత పెట్టని కూర అప్పటికే పిల్లి పాలైంది.

ఆ రోజు నుంచీ సొరకాయే. పక్కింట్లో చేప వేగితే మావయ్య పెట్టె ఆపి గాలి పీల్చేవాడు. అలా పీలుస్తూ ఒకరి చొక్కా జేబు మాడ్చాడు. "నా ఒళ్లే నాకు శత్రువైపోయింది" అని వాపోయేవాడు.

కొన్నాళ్లకి అత్తగారు చేపతో దిగింది. చేప ఫ్రిజ్‌లోకి, కూతురు మిల్లుకి, ఆవిడేమో తన చెల్లెలింటికి వెళ్లారు. మావయ్య అలవాటు ప్రకారం ప్లగ్గు మార్చాడు. సాయంత్రం తల్లీకూతుళ్లు ఎదురెదురుగా కంచాలు పెట్టుకున్నారు.

"అల్లుడూ, కాస్త అటు తిరిగి కూర్చో. నీ చూపుకి ముద్ద గొంతు దిగడం లేదు."

కంచాలు ఎత్తారో లేదో, "అమ్మా, నీ మొహమేంటి అలా కందిపోయింది?"

"నీదేం తక్కువా? ముందు ఆ గోక్కోవడం ఆపు!"

మావయ్య ఒక్క గంతేశాడు. "మీకూ వచ్చింది! మీకూ వచ్చింది!"

"మేం చస్తుంటే వీడికి సంబరం చూడు!" అంది అత్తగారు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఇద్దరికీ మందులిచ్చి, మావయ్య సంగతి కూడా విని నవ్వింది. "ఇంటిల్లిపాదికీ ఒకే ఎలర్జీ పుట్టుకొస్తుందా? తప్పు ఒంటిది కాదు, చేపది. కొన్ని చేపల్ని చల్లగా ఉంచకపోతే వాటిలో ఒక విషం తయారవుతుంది. వాసన రాకపోవచ్చు, ఉడికించినా పోదు. చూడ్డానికి అచ్చం ఎలర్జీలా ఉంటుంది. చేప ఎక్కడ పెట్టారు?"

"ఫ్రిజ్‌లోనేనమ్మా."

"ఫ్రిజ్ పనిచేస్తోందా?"

చేప తినకుండానే మావయ్య మొహం ఎర్రబడింది. "పగలు... కాస్త... వైరు తీస్తాను."

"ఎప్పట్నుంచి?" అంది భార్య.

"కొన్నప్పట్నుంచి."

"అయ్యో, పాపం పాలవాడు!"

మర్నాటి నుంచి వీధిలో ఇస్త్రీ బందైంది. బొగ్గుల పెట్టె ఎత్తడానికి భుజం ఒప్పుకోదు, ప్లగ్గు పీకడానికి పెళ్లాం ఒప్పుకోదు. నలిగిన చొక్కాలతో వచ్చినవాళ్లందరికీ మావయ్య మేడ మెట్లు చూపించాడు. బ్యాంకు గుమాస్తా ఎక్కాడు, బడి పంతులమ్మ ఎక్కింది, వెయిటర్లిద్దరు ఎక్కారు. చివరికి ఓనరు కూడా పెళ్లికి ముడతల చొక్కాతో వెళ్లాల్సి వచ్చింది. అక్కడ వియ్యంకుడు, "ఏం బావగారూ, చొక్కాతోనే పడుకున్నారా?" అన్నాడట. తెల్లారేసరికి ఎలక్ట్రీషియన్ వచ్చి రెండో ప్లగ్గు బిగించాడు.

ఆ సాయంత్రం భార్య చేప వడ్డించబోతే మావయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందు నువ్వూ కంచం తెచ్చుకో. కలిసి తిందాం."

"ఎందుకూ, ఏదన్నా అయితే కలిసి గోక్కుందామనా?" అంటూనే ఆమె ఎదురుగా కూర్చుంది.