అంచు దాటని నీళ్ళు

నివెస్ బెల్లాన్ పుట్టింది ఇటలీలో, పో అనే నది గట్టు కింద. ఆ పల్లపు ఊళ్ళలో నది ఇళ్ళకన్నా ఎత్తున పారుతుంది. ఆకాశం నల్లబడితే అక్కడి జనం మబ్బును చూడరు, గట్టును చూస్తారు. నదిని నమ్మకుండా నదితోనే బతికే ఆ గుణం ఆమెను వరదల కార్యాలయంలో లెక్కల మనిషిని చేసింది.

ఆమె కంప్యూటరుకు లెక్కలు రాసే భాషలో మాటలుండవు, వింత గుర్తులే. మైదానమంతా అంకెల పట్టిక, గడికో నీటిమట్టం. ఆ భాష మనుషులు ఒక్కొక్క గడి జోలికి పోరు. పట్టిక మొత్తాన్ని ఒక వరుస జరిపి, మొదటిదానితో పోల్చి, నీరు ఎటు పోతుందో తేలుస్తారు. జరిపినప్పుడు కింది అంచు దాటిన వరుస పై అంచున వచ్చి చేరుతుంది. పట్టిక చుట్టూ ఎండునేల గడులు వదిలేస్తారు గనుక దానివల్ల చెరుపు లేదు. అలవాటైపోయి, ఆ సంగతే ఎవరికీ తట్టదు.

ఆ నవంబరు ఉదయం నది పెరుగుతోంది. దిగువన ఉన్న కా మొరెల్లా అనే ఊరిని ఖాళీ చేయించాలా వద్దా? మామూలుగా అయితే లెక్క తేలేలోగా వరదే వచ్చేస్తుంది. అందుకని నివెస్ పట్టికను అడ్డంగా ముక్కలు కోసి, ఒక్కో ముక్కను కంప్యూటరులో విడిగా నడిచే ఒక్కో థ్రెడ్‌కు అప్పగించి, అన్నిటినీ ఒకేసారి నడిపించింది. కాఫీ చల్లారకముందే జవాబు వచ్చింది: నీరు గట్టుకు జానెడు కిందే ఆగుతుంది.

"నీ కోడిగీతలు ఇవాళ పరుగెత్తాయే," అన్నాడు ఇంజనీరు మారాంగోన్. "పోయినసారి ఉత్తినే లేపానని ఆ ఊరి ముసలమ్మలు నన్ను తిట్టని తిట్టు లేదు." మేయరుకు ఫోను చేసి, కదలక్కర్లేదని చెప్పేశాడు.

నివెస్ తెరను చూస్తూనే ఉంది. ఎగువన ఎండుగా ఉండాల్సిన మిట్ట మీద నీళ్ళు కనిపించాయి. తను కోసిన ముక్కల చుట్టూ ఎండునేల లేదు. ప్రతి ముక్కలోనూ కింద జారిన నీరు కింది ముక్కకు పోకుండా, ఆ ముక్క పై అంచుకే తిరిగొచ్చింది. లెక్కలో వరద కా మొరెల్లా దాకా రానేలేదు.

"ఇంజనీరు గారూ, మళ్ళీ ఫోను చెయ్యండి. జనాన్ని కదలమనండి. నా లెక్క తప్పు."

"ఎంత తప్పు?"

"తెలీదు. ముక్కలు కోశాను గానీ అంచులు కలపలేదు."

"తెలీదని చెప్తే మేయరు నన్ను నదిలో తోస్తాడు."

"నదే వస్తోందిగా, ఆయనకి ఆ శ్రమ ఎందుకు?"

"అంకె చెప్పు నివెస్. అప్పుడు చేస్తా."

"ముందు ఫోను. అంకె వచ్చేదాకా ఆగితే బస్సులకి దారుండదు."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. అక్కడ ధీమా ఏమీ లేదు, భయమే ఉంది. ఫోను తీశాడు.

అవతలి కేకలు గది అంతా వినిపిస్తుండగా నివెస్ లెక్క మార్చింది. ప్రతి ముక్కా తన పైనా కిందా ఉన్న ముక్కల నుంచి ఒక్కో వరుస అరువు తెచ్చుకోవాలి. లెక్కలో ఒక్కో అడుగు పూర్తికాగానే ఆ వరుసను వదిలేసి కొత్తది తెచ్చుకోవాలి. అందాకా ఏ థ్రెడూ ముందుకు పోకూడదు. వేగం సగం చచ్చింది. జవాబు వచ్చేసరికి బస్సులు బయలుదేరాయి: నీరు గట్టు దాటుతుంది.

దాటింది. మధ్యాహ్నానికి కా మొరెల్లాలో కిటికీల దాకా బురదనీరు. లోపల మనుషులు లేరు.

"మేయరు నీ గురించి అడిగాడు," అన్నాడు మారాంగోన్. "ఆ రెండు కబుర్లలో నీది ఏదట?"

"రెండూ నావేనని చెప్పండి," అంది నివెస్.