కల్లం చుట్టూ ఎర్ర గీత

2007 మే నెల. పినపాక దాటాక అడవి అంచున ఉన్న ఒక బీడులో పైలట్ లేని చిన్న విమానాన్ని ఎగరేసి చూస్తున్నాం. డ్రోన్లు అప్పటికింకా పెళ్లి వీడియోల దాకా రాలేదు. ఏం ఉద్యోగమమ్మా అని ఎవరైనా అడిగితే "చిప్పులు చేస్తాను" అనేదాన్ని. సగం మంది ఆలూ చిప్స్ అనుకుని ఊరుకునేవాళ్లు.

నా పని ఆ విమానంలో కూర్చునే బోర్డు. దాని మీద ఎఫ్‌పీజీఏ అనే చిప్ ఉంటుంది. తయారయ్యాక కూడా దాని లోపలి సర్క్యూట్‌ను మనకు కావలసినట్టు మార్చుకోవచ్చు. కెమెరా బొమ్మను అది తనంతట తానే చూసి, అడవిలో నక్సలైట్ల శిబిరం లాంటిది కనిపిస్తే చుట్టూ ఎర్ర గీత గీసి, కింద 'టార్గెట్' అని రాసి, ఆ చోటు ఎక్కడుందో జీపీఎస్ లెక్కతో పంపాలి. వరుసగా గుడారాలు, మధ్యలో మనుషులు ఉంటే శిబిరమని దానికి నేర్పింది మేమే. కొనాలనుకుంటున్న అధికారులు మర్నాడే చూడ్డానికి వస్తున్నారు.

ఆ సాయంత్రం మేం వేసిన ఉత్తుత్తి గుడారాలను చిప్ చక్కగా పట్టుకుంది. మా మేనేజర్ సుధాకర్ సార్ ముఖం వెలిగింది. అంతలో వాగు అవతల ఇంకో ఎర్ర గీత వచ్చింది, కింద అదే మాట. అక్కడ మేమేమీ వేయలేదు. ఇద్దరం జీపెక్కి వెళ్లాం.

వెళ్లి చూస్తే బీడీలు చుట్టే తునికాకు కట్టలు. ఎండడానికి నేల మీద బారులుగా పేర్చారు. మధ్యలో ఆడా మగా వంగి వాటిని తిప్పుతున్నారు. సమ్మక్క అనే పెద్దావిడ నడుం పట్టుకుని లేచి, మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"ఆ గద్ద మీదేనా?"

"అవ్, మాదే."

"రేపు గూడ వస్తదా? దాన్ని చూసుకుంట పోరగాళ్లు కల్లమంత తొక్కుతున్నరు. ఆకు చినిగితే ఎవ్వలు తీస్కోరు."

కల్లం అన్న మాట దగ్గర నా మనసు ఆగింది. మా ఊరు ముదిగొండలో కల్లమంటే మిర్చి కల్లం. మార్చిలో మొదటి ట్రయల్ మా చేను మీదే చేశాం, అడ్డు చెప్పేవాళ్లుండరని. ఆ వీడియో నా లాప్‌టాప్‌లోనే ఉంది. జీపులో కూర్చుని, వెంట ఉన్న రెండో బోర్డు మీద దాన్ని ఇప్పటి చిప్‌కు చూపించాను.

ఈలోపు సార్ ఉపాయం ఆలోచించాడు. "రేపొక్కరోజు థ్రెషోల్డ్ పెంచు. వాగవతలిది కనపడకపోతే అయిపాయె." ఎంత నమ్మకం కుదిరితే గీత గీయాలో చిప్‌కు చెప్పే హద్దును థ్రెషోల్డ్ అంటాం.

"మనకు కనపడరు గని, వాళ్లు ఆడనే ఉంటరు గద సార్" అని లాప్‌టాప్ ఆయన వైపు తిప్పాను.

బారులుగా పోసిన మిర్చి. మధ్యలో తలకు తువ్వాలు చుట్టుకుని కాయలు తిప్పుతున్న మనిషి. చుట్టూ ఎర్ర గీత, కింద 'టార్గెట్'.

"మీ నాయనే కద?"

"అవ్ సార్."

మార్చిలో ట్రయల్ రోజు మధ్యాహ్నం సార్ ఆ కల్లంలోనే కూర్చుని అన్నం తిన్నాడు. గోంగూర మారు వడ్డించింది మా నాన్నే. ఇప్పుడు సార్ లాప్‌టాప్ మూసి, "థ్రెషోల్డ్ ముట్టుకోకు" అన్నాడు.

మర్నాడు అధికారుల ముందు రెండు గీతలూ వచ్చాయి. రెండోది ఏంటని వాళ్లలో పెద్దాయన అడిగాడు. "తునికాకు కల్లం సార్. పనిచేసుకునే మనుషులు. మా చిప్‌కు తేడా తెల్వదు" అని చెప్పాను. ఆర్డర్ రాలేదు. తిరుగుదారిలో ఖమ్మంలో సార్ జీపు ఆపాడు. చాయ్ తాగించాడు.

తర్వాత ఆ చిప్‌లోంచి 'టార్గెట్' అనే మాట తీసేశాం. అది చోటు చూపిస్తుంది, అంతే. అదేమిటో మనిషి చూసి చెప్పాలి.

ఇప్పటికీ కొత్త బోర్డు ఏది వచ్చినా మొదట మా నాన్న వీడియోనే వేస్తాను. చిప్పులు ఎన్ని మారినా ఆయన చుట్టూ గీత వస్తూనే ఉంది. కింద పేరు రాసే పని మాత్రం మళ్లీ చిప్‌కు ఇవ్వలేదు.