అక్క అడిగిన సంతకం

మా అక్క పోయిన సంగతి నాకు ఆఫీసు వాళ్ళ పాత వాట్సాప్ గ్రూపులో తెలిసింది. సొంత అక్క కాదు. పదేళ్ళు మా టీమ్ లీడ్, మదురైలో మా వీధి మనిషి. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండేది. నాలుగిళ్ళ అవతల గుండె ఆగి మనిషి పోతే నేను ఫోన్‌లో చదివి తెలుసుకున్నానంటే, మా మధ్య మాటలు ఎంతకాలంగా లేవో మీరే ఊహించుకోండి.

కాసేపటికి మా కంపెనీ పెద్దాయన ఇంటర్నెట్‌లో సంతాపం పెట్టాడు. "మా కుటుంబ సభ్యురాలిని కోల్పోయాం" అని రాసి, ఆవిడ నవ్వుతున్న ఫొటో జత చేశాడు. ఆవిడను గేటు బయటికి పంపి అప్పటికి ఎనిమిది నెలలు. కుటుంబమట! అది చూసి ఒళ్ళు మండి ఇది రాస్తున్నాను. మాట తూలితే తూలిందనుకోండి.

అక్క వాళ్ళ నాన్న కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చేవాడు. మా వీధిలో మెడలో ఐడీ కార్డు వేసుకుని ఆఫీసుకెళ్ళిన మొదటి మనిషి అక్కే. తను చేరి ఊరుకోలేదు, మా వీధి నుంచి ఇంకో నలుగురిని లాక్కెళ్ళింది. అందులో నేనొకదాన్ని. ఇంటర్వ్యూకి ముందు నన్ను వాళ్ళింట్లో కూర్చోబెట్టి ఇంగ్లీషులో ప్రశ్నలడిగింది. నా నోరు పెగల్లేదు. "భయం యాలనే? వాళ్ళు మాత్రం అన్నం తినకుండా గాలి తింటాండారా?" అంది. నవ్వొచ్చింది, నోరూ వచ్చింది.

మేం పరీక్షించేది ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్. ఏ రోగికి ఏ మందు ఎంత ఇవ్వాలో నర్సుకు చూపిస్తుంది. కొత్త వెర్షన్ బయటికి పోయే ముందు అక్క మా అందరినీ కుర్చీల్లోంచి లేపేది. నిలబడి, దూరం నుంచి, స్క్రీన్ మీద ఉన్నది పైకి చదవాలి. "నర్సమ్మ సుమ్మా ఊరికే కూర్చోని చూస్తాదా? పరిగెత్తతా చూస్తాది," అనేది. అలా చదువుతుంటేనే ఒకసారి పసిబిడ్డల మందు డోసులో పాయింటు కనబడటం లేదని దొరికింది. పాయింటు లేకపోతే ఒకటిన్నర కాస్తా పదిహేను. విడుదల రెండు రోజులు ఆలస్యమైందని మేనేజర్ అందరి ముందూ ఆవిడ మీద అరిచాడు. అక్క విన్నంతసేపు విని, "అరిచినారు కదా, ఇప్పుడు సరి చెయ్యండి సార్," అంది.

ఆ కంపెనీ ఒక్క రోజులో చెడలేదు, పైనుంచి చెడింది. ముందు క్యాబ్ తీసేశారు, మాట్టుతావణి బస్టాండు దాకా షేర్ ఆటోల్లో ఒకరి మీద ఒకరం పడి వెళ్ళాం. తరువాత పరీక్షకిచ్చే రోజులు సగానికి కోశారు. తప్పులు బయటికి పోయాయి, ఆసుపత్రులు ఒక్కొక్కటే మా సాఫ్ట్‌వేర్ మానుకున్నాయి. పెద్ద కుర్చీలో మాత్రం ఏడాదికొకడు మారాడు. వచ్చినవాడల్లా రంగురంగుల బొమ్మలు చూపించి, భవిష్యత్తు మనదేనని చెప్పి, చప్పట్లు కొట్టించుకుని వెళ్ళాడు. మా టేబుల్ దగ్గరికొచ్చి మీరేం చేస్తారని అడిగిన మొనగాడు ఒక్కడూ లేడు.

చివరికి హైదరాబాదు నుంచి ఈ పెద్దాయన వచ్చాడు.

ఇక్కడ మా వాళ్ళ బలహీనత ఒకటి చెప్పాలి. తరతరాలుగా మా చుట్టూ తమిళం. గడప దాటితే తెలుగు వినబడదు. బస్సులోనో ఆసుపత్రిలోనో కొత్త మనిషి నోట తెలుగు వినబడితే చాలు, పొంగిపోతాం, భోజనానికి పిలుస్తాం. తెలుగు మాట్లాడితే మనవాడే. అంతకుమించి ఆరా తీయం.

మొదటి మీటింగులో అక్కా నేనూ తెలుగులో గుసగుసలాడుతుంటే ఆయన విన్నాడు. "మీరు తెలుగువాళ్ళా! మీ మాట వింటే మా తాతమ్మ గుర్తొస్తోందండీ," అన్నాడు. అక్క మొహం వెలిగిపోయింది. ఆ ఆదివారమే అక్క వాళ్ళింట్లో ఆయన మటన్ కుళంబుతో రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాడు. వడ్డించింది నేనే.

పక్షం తిరక్కుండా అక్క మా టీమ్ పదకొండు మందినీ క్యాంటీన్‌లో కూర్చోబెట్టింది. "రాజీనామా అని రాసియ్యమంటాండారు. సుమ్మా పేరుకే. మూడు నెలల్లో కొత్త ప్రాజెక్టులోకి మళ్ళా తీసుకుంటారంట."

"నిజంగా తీసుకుంటారా అక్కా?" అని అడిగాను.

"మనోడు పాపా. మన ఇంట్లో తిన్నోడు. మోసం చేస్తాడా?"

అందరికంటే ముందు తనే సంతకం పెట్టింది. మేమూ పెట్టాం. తీసేస్తే కంపెనీ జవాబు చెప్పుకోవాలి. మా అంతట మేమే పోయామని కాగితం ఉంటే ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు. ఈ తెలివి మాకు మూడు నెలలు గడిచాక, ఆయన ఫోన్ ఎత్తడం మానేశాక వచ్చింది.

అప్పుడు మేం ఎవరి మీద పడ్డాం? పెద్దాయన మా చేతికి అందడు. అక్క అందుతుంది. లోపల ఏదో పుచ్చుకునే మమ్మల్ని ఒప్పించిందని ఒకరన్నారు, నేను నమ్మాను. నాకు ఉద్యోగం ఇప్పించిన మనిషిని, నాలాగే వీధిన పడిన మనిషిని! వీధిలో ఎదురైతే మొహం తిప్పుకున్నాను. ఆ సిగ్గులేని పెద్దాయన మీద నాకున్న కోపానికి అంతు లేదు, నా మీద నాకున్నది దానికేమీ తీసిపోదు.

మట్టి చేసి వచ్చిన రోజు అక్క భర్త, మా బావ, ఒక ఫైలు నా చేతిలో పెట్టాడు. అందులో లేబర్ ఆఫీసుకు అక్క రాసిన అర్జీ ఉంది. ఆ రాజీనామాలు మా ఇష్టంతో ఇచ్చినవి కావని, నమ్మించి రాయించుకున్నారని రాసింది. కింద పన్నెండు పేర్లు. సంతకం ఒక్కటే, ఆవిడది.

"అందరిళ్ళకీ పోయింది. ఎవరూ పెట్టలా," అన్నాడు బావ.

మొన్న మేం పదకొండు మందిమీ వెళ్ళి కొత్త అర్జీ ఇచ్చి వచ్చాం. పెద్దాయన చదువుతాడు. ఈసారి తాతమ్మ గుర్తు రాదులెండి.

అక్క అప్పట్లో ఆ సంతకం కోసం మా ఇంటికీ వచ్చింది. అది ఒక మధ్యాహ్నం. నేను లోపల కిటికీ తెర వెనకే ఉన్నాను. గేటు తీసుకుని వచ్చి, చెప్పులు విప్పి, మెట్టు కింద నిలబడింది. చేతిలో ఫైలు. "పాపా, ఒక్క కయ్యెళుత్తు పెట్టు చాలు. నేను ఏమారినానే, మిమ్మల్నీ ఏమార్చినాను. సరి చెయ్యాల కదా," అంది. నేను కదల్లేదు. లోపల ఉన్నానని ఆవిడకు తెలుసు. ఎండలో కాసేపు అలాగే నిలబడి, చెప్పులు తొడుక్కుంది. మా గేటు గడియ ఒక పట్టాన పడదు. రెండుసార్లు ఎత్తి వేసింది. పడిందో లేదో చేత్తో ఒకసారి లాగి చూసి, అప్పుడు వెళ్ళిపోయింది.