తల్లి ఎలుకల మీద వేసిన నింద

పంజాగుట్టలో మా ల్యాబ్ కిడ్నీ జబ్బుల మీద పనిచేస్తుంది. ఒక జన్యువు లేకపోతే కిడ్నీ ఎలా పాడవుతుందో చూడాలనుకున్నాం. దానికి ఆ జన్యువు తీసేసిన ఎలుకలు కావాలి. ఎలా తీయాలన్న దగ్గరే మా డైరెక్టరు గారికీ నాకూ చెడింది.

ఒంట్లో ప్రతి కణంలోంచీ తీసేద్దామన్నారాయన. పని త్వరగా అవుతుంది, పెట్టుబడి పెట్టినవాళ్లకి చూపించుకోవచ్చు. కడుపులో పిల్లకి గుండె ఏర్పడాలన్నా ఆ జన్యువే కావాలి, పూర్తిగా తీసేస్తే పుట్టకముందే చచ్చిపోతాయని చెప్పాను. కిడ్నీ కణాల్లో మాత్రమే, అదీ ఎలుక పెద్దదయ్యాక తీసే పద్ధతి ఉంది. ఆలస్యమైనా బతికున్న ఎలుక చేతికొస్తుందన్నాను.

"చూడమ్మా, భయపడేవాళ్లు సైన్సు చేయలేరు," అని నవ్వారు.

ఒళ్లు మండింది. తెలిసి చెప్పిన మాటని భయమంటారా?

ఆయన మాటే నెగ్గింది. ఎలుకలు ఈనాయి గానీ ప్రతిసారీ పిల్లలు తక్కువే. పరీక్ష చేస్తే మాకు కావలసిన, ఆ జన్యువు పూర్తిగా లేని పిల్ల ఒక్కటీ లేదు. తల్లులే పిల్లల్ని తినేస్తున్నాయని, ఎలుకల గది చూసే మనిషికి శ్రద్ధ లేదని ఆయన మీటింగులో తేల్చేశారు. బోరబండ నుంచి వచ్చే ఆ మనిషి నాకంటే ముందు నుంచీ అక్కడున్నవాడు. ఆ మీటింగుకి అతన్ని పిలవనే లేదు.

మాట అతని చెవిన పడింది. మెట్ల దగ్గర నన్నాపి, "మేడం, నేను మంచిగనే చూస్కుంటున్న. గీ మాట నా మీద ఎందుకు పడాలె?" అన్నాడు.

అనుమతి తీసుకుని, కడుపుతో ఉన్న ఒక ఎలుకను కోసి చూశాను. కొన్ని పిండాలు సగంలోనే ఆగి ముడుచుకుపోయి ఉన్నాయి. పరీక్షిస్తే మేం వెతుకుతున్నవి అవే. ఆ ఫోటోలు అందరి ముందూ తెర మీద పెట్టాను.

"తల్లులు తినలేదండీ. మనం ఎంచుకున్న పద్ధతే చంపింది."

ఆయన ఇదీ ఒక ఫలితమేగా అని, తనకే తట్టినట్టు నేను మొదట చెప్పిన పద్ధతికి మారదామన్నారు. అది పోనీ అనుకున్నాను. కింద ఎలుకల గదికొచ్చి, తప్పు అతనిది కాదని ఆ మనిషితో ఒక మాట చెప్పమని మాత్రం పట్టుబట్టాను.

వచ్చారు. బోనులు చూశారు, ఏసీ బాగా పనిచేస్తోందా అని అడిగారు, అతని భుజం తట్టి వెళ్లబోయారు.

"సార్, మీరు చెప్పనే లేదు," అన్నాను లిఫ్టు దగ్గర.

"అతనికి అర్థమైందిలేమ్మా."

వెనక్కి వెళ్లి తప్పు అతనిది కాదని నేనే చెప్పాను. అతను మేత పోస్తూనే విన్నాడు.

"మీరు చెప్తే ఏమైతది మేడం. అన్నది మీరు కాదు గదా."

ఆ సాయంత్రం పంజాగుట్టలో మెట్రో ఎక్కకుండా అమీర్‌పేట స్టేషన్ దాకా నడిచేశాను. ఒక్క మాట చెప్తే ఆయనకి ఏం తరిగిపోయేది? కొత్త పద్ధతిలో ఎలుకలొచ్చాయి, పని సాగుతోంది. ఆ ఒక్క మాటా ఇప్పటికీ రాలేదు.