గెట్టు మీది తుమ్మికూర

పరకాల దగ్గర మా అత్తగారి ఊళ్ళో మెట్ట చెలక పంచుకున్నప్పటి నుంచి నాకూ, మా బావ భార్య అయిన పెద్ద తోటికోడలికీ మాటల్లేవు. రెండు పాళ్ళ మధ్య హద్దుగా ఇసుక గెట్టొకటి ఉంది. అది ఎవరిదో నేటికీ తేలలేదు. వానలు పడితే దాని నిండా తుమ్మి మొలిచేది. జానెడు మొక్క, కణుపు కణుపుకూ తెల్లటి పూలగుత్తి. వినాయక చవితికి తుమ్మికూర తినకపోతే మా ఇళ్ళల్లో పండగ చేసినట్టే కాదు. ఏటా ఆ పొద్దున ఆమె ఆ కొస నుంచి, నేను ఈ కొస నుంచి తెంపేవాళ్ళం. ఎదురుపడితే వీపు తిప్పుకొనేవాళ్ళం.

పోయినేడు ఆమె తెంపడానికి రాలేదు. తన పత్తిచేలో నిలబడి నన్నే చూస్తూ ఉంది. అంతా నాకే అని సంబరంగా కొంగు నింపుకున్నాను. ఆకులు వాడినట్టుంటే ఎండకనుకున్నాను.

ఇంటికొచ్చి కూర కడుగుతుండగా బావ గేటు బయటి నుంచే కేకేశాడు.

"ఓ పిల్లా, ఆ కూర వండకు! మీ అక్క నిన్న గెట్టుకు గడ్డిమందు కొట్టిచ్చింది. నాకిప్పుడే తెలిసింది."

కడగడం ఆపేశాను. మెత్తటి కూర కదా అని పళ్ళు లేని మా అత్తమ్మకే ముందు పెట్టేదాన్ని. గిన్నె పట్టుకొని వాళ్ళ వాకిట్లోకి పోయాను. తోటికోడలు ముగ్గు వేస్తోంది.

"తెంపుతాంటె సూస్తనే ఉన్నవ్ గద! ఒక్క మాట చెప్తె నోటి ముత్యాలు రాల్తయా?"

"నిన్ను తెంపుమని నేను పిలిసిన్నా? నా గెట్టు, నా మందు."

"అత్తమ్మ తింటె?"

"నీ ఇంట్ల ఏం వండుతవో నాకేం ఎరుక?"

తడి కూరంతా ఆ ముగ్గు మీద గుమ్మరించాను. ఆమె చీపురందుకొని నా కాళ్ళ మీదికే ఊడ్చింది. బావ మధ్యలోకొచ్చి "జర ఊకోండ్రి" అంటూనే ఉన్నాడు. మేమిద్దరం వినలేదు.

ఆ పండక్కి ఉత్త పప్పే తిన్నాం. జరిగింది చెబితే అత్తమ్మ తల అడ్డంగా ఊపింది.

"గంత పాపం అదెందుకు చేస్తది? మర్సిపోయుంటది."

ఆ మాటకు నేను రెండు రోజులు అత్తమ్మతోనూ మాట్లాడలేదు.

ఈ యేడు హన్మకొండలో తోపుడుబండి మీద తుమ్మి కట్ట కొన్నాను. "మందు కొట్టిందా?" అనడిగితే అమ్మే ఆమె ముఖం మాడ్చుకుంది. "పండుగ పూట గిదేం మాటమ్మా?" అంది. ఇంటికి తెచ్చి ఆకాకునూ వాసన చూశాను. ఏ వాసనా లేదు. అయినా పొయ్యి మీద పెట్టడానికి మనసొప్పలేదు.